మోతికి పట్టిన దయ్యం

కాజీపేటలో రైలు డ్రైవర్లు దిగి పడుకునే రన్నింగ్ రూమ్‌లో రాహేలు వంటమనిషి. ఎంతమందికి వండినా విసుక్కోదు. ఒక్క మాటకు మాత్రం భగ్గుమంటుంది: "మీ కుక్కకు దయ్యం పట్టిందటగా?"

మోతికి ఇంకా ఏడాది నిండలేదు. దానంత నెమ్మదైన కుక్క ఆ వీధిలోనే లేదు. పాలవాడొస్తే తోకూపి మళ్లీ పడుకునేది. ఆ నెమ్మదే దాని కొంప ముంచింది. వాకిట్లో బండిని ఎవడో ఎత్తుకుపోతే మొరగనైనా లేదని రాహేలు మొగుడు ఏలియాకు ఒళ్లు మండింది. ఏలియా రైల్వేలో గ్యాంగ్‌మన్. మంచివాడే, కానీ ఎవరైనా గట్టిగా చెబితే చాలు, నమ్మేస్తాడు. ఘన్‌పూర్ అవతల ఒకాయన కుక్కలకు శిక్షణ ఇస్తాడని విని, రాహేలు వద్దన్నా వినకుండా మోతిని అప్పగించి వచ్చాడు. "పోలీసు కుక్కలెక్క చేసిస్త, ఫికర్ జెయ్యకు" అన్నాడాయన. చేసిచ్చాడు మహానుభావుడు! తిరిగొచ్చిన మోతి మంచం కింద దూరింది. ఎవరొచ్చినా గుర్రుమంది. ముద్దు చేయబోయిన రాహేలునే కరవబోయింది. అలాంటి చదువు పగవాడి కుక్కకు కూడా వద్దు.

వాళ్ల సంఘంలో వారానికొకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. తమ వంతు వచ్చినప్పుడు రాహేలు పాస్టర్‌గారిని బతిమాలుకుంది. "అయ్యగారూ, జర మా మోతి కోసం గూడ ప్రార్థన జెయ్యుండ్రి." ఆయన మనుషులకు చేసినట్టే దాని తల మీద చెయ్యి పెట్టబోయారు. ఆ చెయ్యి లేచీ లేవగానే మోతి ఎగిరి మణికట్టు పట్టేసింది. పాట సగంలో ఆగిపోయింది. అయ్యగారు దవాఖానకు వెళ్లి సూదులు వేయించుకున్నారు. పాపం, ఆయన పల్లెత్తు మాట అనలేదు. పక్కింటి సోమక్క ఊరుకుంటుందా? "ప్రార్థన అంటెనే మీద వడ్డది. అది కుక్క కాదు రాహేలూ, లోపల ఇంకేందో ఉన్నది" అని వీధంతా చాటింది.

ఏలియాకు తల కొట్టేసినట్టయింది. "మళ్ల మన వంతు వచ్చేదాంక చూస్త. అప్పుడు ఒక్కల మీద గుర్రుమన్నా ఆ ఘన్‌పూర్ ఆయనకే అప్పజెప్త. ఇంకొన్నొద్దులు ఉంచుకొని సక్కగ జేస్త అంటాండు."

"సక్కగ జేసుడు కాదు, సంపుతడు!" అంది రాహేలు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఒక పొద్దున అటక మీది గిన్నె కోసం ఆమె చెయ్యెత్తింది. పక్కనే ఉన్న మోతి నేలకు కరుచుకుపోయి, నిలువెల్లా వణుకుతూ ఉచ్చ పోసుకుంది. రాహేలు ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయింది. "అయ్యో నా బిడ్డా! నీకు దయ్యం లేదు, పాడు లేదు. చెయ్యి లేస్తె దెబ్బ వడ్తదనుకుంటానవా!" ఆ శిక్షణ ఇచ్చినవాడి చేతులు పడిపోవాలని తిట్టింది. అట్లా తిట్టకూడదని లెంపలేసుకుంది. లెంపలేసుకుని మళ్లీ తిట్టింది.

పశువుల డాక్టరమ్మ సుభాషిణి కూడా అదే చెప్పింది. "భయపడ్డ కుక్కనే కరుస్తదమ్మా. చెయ్యి లేస్తే మంచి జరుగుతదని దానికి తెల్వాలె. తొందరపడకు."

మోతి లెక్కలో మంచి అంటే కోడి కార్జం. రాహేలు దాన్ని ఉప్పూ కారం లేకుండా ఉడికించి, దూరంగా కూర్చుని, చెయ్యి నడుము దాకా లేపి ఒక ముక్క పడేసేది. అది అలవాటయ్యాక భుజం దాకా లేపింది, ఆపైన తల దాకా. ఊరికే చెయ్యి లేపుతుంటే తనకే పిచ్చిపట్టినట్టు అనిపించి, ఆరాధన పాటలు అందుకుంది. "హల్లెలూయ" అంటూ చెయ్యి లేవడం, ముక్క రాలడం. రాహేలుకు ఉన్నట్టుండి ఇంత భక్తి ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చిందో గోడ అవతలి సోమక్కకు అంతుబట్టలేదు.

అంతా సాఫీగా సాగితే ఇంకేం? ఒకరోజు వంటింట్లో దూరిన పిల్లి మీదికి ఏలియా చెప్పెత్తాడు. మోతి మళ్లీ మంచం కిందికి! "కష్టపడి కట్టినదంత కూలగొట్టినవ్ గదనయ్యా!" అని రాహేలు విరుచుకుపడింది. ఏలియా వంగి మంచం కిందికి కాసేపు చూసి, బయటికి వెళ్లిపోయాడు. రాహేలు కళ్లు తుడుచుకుని మళ్లీ నడుము దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

వాళ్ల వంతు రానే వచ్చింది. మోతిని వెనక వరండాలో గొలుసుతో కట్టి, తలుపు తెరిచి, రాహేలు గడప దగ్గరే కూర్చుంది. ఏలియా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. పాటలయ్యాయి, వాక్యమయింది. చివరికి దీవెన చెప్పడానికి అయ్యగారు రెండు చేతులూ పైకెత్తారు. అందరూ కళ్లు మూసుకున్నారు. రాహేలుకు రెప్ప పడితేగా!

మోతి లేచి నిలబడింది. ఆ చేతుల వంక చూసింది. చూసి తోకూపింది. ముక్క ఎప్పుడు రాలుతుందా అని చొంగ కారుస్తూ కూర్చుంది.

ఇంతలో నిజంగానే ఒక కార్జం ముక్క వచ్చి దాని ముందు పడింది. రాహేలు పక్కకు తిరిగింది. ఏలియా కళ్లు తెరిచే ఉన్నాడు. ఆదివారం తెల్లచొక్కా జేబు నిండా కార్జం ముక్కలే, జేబు కింద ఇంత మరక.

"ఆ ఘన్‌పూర్ ఆయనకు ఫోన్ జేసి చెప్పిన, కుక్కను తోలనని" అని గొణిగాడు.

"ఎప్పుడు?"

"పిల్లి మీదికి చెప్పెత్తిన నాడే."

"గా ముక్క నాకప్పుడే చెప్తే ఏం వాయె? ఇన్నొద్దులు సచ్చి బతికిన గదా!"

అందరూ ఆమేన్ అన్నారు. రాహేలు ఏడుస్తూ, నవ్వుతూ, మొగుడి భుజం మీద ఒక్కటి వేద్దామని చెయ్యెత్తింది. మోతి ఆ చేతి వంక కూడా ఆశగా చూసింది.