చెరిపేసిన అర్ర

మొన్న వికారాబాదులో ఒక ఖాళీ ప్లాటులో మేస్త్రీ సున్నంతో పునాది గీతలు గీస్తుంటే ఆగి చూశాను. నా చిన్నప్పుడు తాండూరులో మా నాన్న కూడా మా ఇంటికి ఇలాగే మూడు గదులు గీశాడు. ఆయన బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు. రాతిపొడికి ఎప్పుడూ దగ్గుతుండేవాడు. ఒకరోజు పట్నం దవాఖానకు పోయొచ్చి, ఒక గదిని కాలితో చెరిపేశాడు.

"అది మనం పండుకునే అర్ర గదా, ఎందుకు తీసేస్తున్నవ్?" అంది అమ్మ.

"పైసలు సాలవు. నువ్వు బిడ్డతోని పండుకో. నేను బయట మంచమేసుకుంట."

అమ్మ నా పక్కనే పడుకుంటుందని నేను సంబరపడ్డాను.

స్లాబు పడకముందే నాన్న పోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఎక్కువ రోజులు బతకడని దవాఖానలో ఆరోజే చెప్పారట. ఆ సంగతి అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ ఇంటిని ఆయన మా ఇద్దరికే లెక్కేసుకున్నాడు.