గోడ వణకకపోతేనే

వీడియో గేము కొనేముందు అందరూ అందులో బొమ్మలు చూస్తారు. టైలర్ పిన్ని మాత్రం గోడ చూస్తుంది. కుట్టుమిషన్ గదిలో లైటు ఆర్పి, తలుపు వేసి, ఒక కన్ను టీవీ మీద, ఇంకో కన్ను పక్కనున్న తెల్లగోడ మీద ఉంచి ఆడుతుంది. గోడ మీద వెలుగు గబగబా వణికిందా, ఆ గేము ఎంత గొప్పదైనా షాపుకు తిరుగుటపాయే.

ఇదంతా అక్క కూతురి కోసం. ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్లకు వెలుగు అలా కొట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. ఒకసారి వచ్చాయి కూడా. ఆ రోజు ఆసుపత్రికి ఎలా చేరారో అక్కకు ఇప్పటికీ గుర్తులేదు. టీవీయే అమ్మేద్దామంది. పిన్ని ససేమిరా అంది.

"తోటిపిల్లలంతా ఆడుకుంటుంటే ఇది గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా? ముందు నేను ఆడి చూస్తా."

గేముల షాపతను, "ఇందులో ఏమీ ఉండదు మేడమ్, కళ్లు మూసుకుని కొనండి" అంటే ఆమెకు ఒళ్లు మండింది.

"కళ్లు తెరిచే కొంటా. ముందు ఇంటికియ్యి."

అది గుహల గేము. పిన్ని మొదటినుంచి చివరిదాకా ఆడేసింది. అప్పటికి ఆ బటన్లు ఆమెకు కొట్టినపిండి. గోడ ఉలకలేదు, పలకలేదు. కొనేసింది.

పిడుగు ఆడటానికి కూర్చుంది. పిన్ని పక్కనే లైనింగు గుడ్డకు అంచు మడుస్తోంది. తెర మీద బొమ్మ ఒక గుంత దగ్గరకు వచ్చింది. పిల్ల బటన్ కోసం తడుముకుంటోంది. అప్పుడు పిన్నికి తట్టింది. ఆ గుంతలో తను ఒక్కసారీ పడలేదు. అసలు ఎక్కడా పడలేదు. ఓడిపోతే తెర ఏం చేస్తుందో చూడనే లేదు!

"ఆగు!" అనేలోపే బొమ్మ జారింది. గోడ ఎర్రగా, తెల్లగా వణికింది. పిన్ని చేతిలో గుడ్డను టీవీ మీదకు విసిరి, పిల్ల ముఖాన్ని పొట్టకు అదుముకుంది.

"పిడుగూ, పలకవే! నేనెవర్ని?"

పిల్ల గింజుకుంది. పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి.

"పిన్నివి. ఊపిరాడట్లేదు, వదులు."

పిన్ని అక్కడే కూలబడి ఏడ్చేసింది. "చివరిదాకా ఆడానే తల్లీ. ఒక్కసారి కూడా ఓడిపోలేదు."

"నేనైతే మొదటే ఓడిపోతా కదా," అంది పిడుగు మామూలుగా.

అప్పటినుంచి పిన్ని కొత్త గేమును ఓడిపోవడానికే ఆడుతోంది. గెలవడం కన్నా అదే ఆమెకు కష్టం. వేళ్లు వాటంతటవే తప్పించేస్తాయి. తలుపవతల కూర్చుని పిడుగు అడుగుతూనే ఉంటుంది.

"ఓడిపోయావా పిన్నీ?"

"ఓడిపోయా."

"గోడ?"

"కదల్లేదు."

"మళ్లీ ఓడిపో. నేను ఒక్కసారితో ఆగను."