పగబట్టి పెంచిన కంచె

పోయిన బుధవారం పొద్దున మియాపూర్ బడిలో హాజరు వేస్తుంటే, నానక్‌రామ్‌గూడ నుంచి ఒకతను సైకిలు మీద వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అవ్వ పోయింది పంతులమ్మా. రాత్రి పండుకున్నది, తెల్లారి లేవలే. మూడొద్దులకు నువ్వు రావాలె" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆమె పోయింది, ఆమె పెరటి పక్కన అంగూరు, అంటే ద్రాక్ష, తోట వేసిన ఆసామి మాత్రం ఇంకా బతికే ఉన్నాడని కోపం వచ్చింది. దాచుకోకుండా చెబుతున్నాను, ఆ కోపం నాకు ఆమె దగ్గర అబ్బిందే.

ఆమె నాకు చుట్టం కాదు. అరవైల చివర్లో గుంటూరు వైపు నుంచి నానక్‌రామ్‌గూడ బడిలో ఉద్యోగానికి వచ్చాను. ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి ఊళ్ళో అందరూ వెనకాడారు. ఆమె ఒక్కతే తలుపు తీసి, "ఈడ ఉండు బిడ్డా. తేళ్ళుంటయ్, జర చూసి కాలు పెట్టు" అంది. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను.

తాత, అంటే ఆమె భర్త, రాళ్ళు కొట్టే మనిషి. బండ జారి మీద పడి నడుం విరిగింది. నేను వెళ్ళేనాటికే నులక మంచం దిగలేని స్థితి. ఆయన చూడటానికి ఏదో ఒకటి ఉండాలని అవ్వ మంచాన్ని పెరటి వసారాలో వేసి, ఎదురుగా గట్టు పొడుగునా కంచెలా మొక్కలు పెంచింది. చలికాలంలో పంటలు కోసేశాక చేలు బోసిపోతాయి, పిట్టలకు తిండి దొరకదు. అందుకని ఆ రోజుల్లో పండేవే ఏరి పెట్టింది. రేగు, పరికి, వాటి మీదికి పాకించిన దొండతీగ, వాటి మొదళ్ళలో కామంచి. రాత్రిళ్ళు చలిగాలి తగలకుండా పిట్టలు తలదాచుకోవడానికి, పిల్లి కూడా దూరలేని ముళ్ళ గచ్చపొద. పెరట్లో వేసిన సజ్జలో రెండు సాళ్ళు కోయకుండా వదిలేసేది. నేను ఒకసారి దొండకాయలు కోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "అవి పండాలె. పిగిలిపిట్టలయి అవి. నీకు బజార్ల దొరుకుతయ్" అంది.

బడి నుంచి రాగానే తాత ఆ రోజు పిట్టల విశేషాలు చెప్పేవాడు. "ఇయ్యాల కొత్తదొకటొచ్చింది పంతులమ్మా. కూసున్నకాడ కూసోదు, తోక ఊపుడే ఊపుడు." కాళ్ళు పోయిన మనిషి ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గట్టు అవతలి భూమి కొని ఆ ఆసామి అంగూరు తోట వేశాడు. తొలి కాపు పిట్టలు కొట్టాయి. అవి తనకు అడ్డమని, అవ్వ కంచె వల్లే చేరుతున్నాయని ఊళ్ళో అన్నాడు. ఆ మరుసటి చలికాలం ఒక ఉదయం, అవ్వ బట్టలు ఉతకడానికి కుంటకు పోయిన సమయం చూసి, తోట మనుషులు ఇద్దరు ఎండుగడ్డి తెచ్చి కంచె మొదళ్ళలో వేసి నిప్పు పెట్టారు. బడికి బయల్దేరిన నేను తాత అరుపు విని వెనక్కి పరిగెత్తాను. గడ్డి తెచ్చిన ఇద్దరూ గట్టు దిగి తోటలోకి పోతూ కనిపించారు. నేను బిందెతో నీళ్ళు పోస్తూనే ఉన్నాను, గచ్చపొద మండుతూనే ఉంది. రెక్కలు కాలిన పిగిలిపిట్ట ఒకటి మంచం పక్కన వచ్చి పడింది. తాత చెయ్యి చాపి దాన్ని అందుకుని, అది కదలడం మానేదాకా గుండెల మీద పెట్టుకున్నాడు.

ఊరి పెద్దల ముందు నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆసామి నవ్వాడు. "కంప దానంతటదే అంటుకుందండి. పొగలో పంతులమ్మగారికి ఎవరు కనిపించారో ఏమో. అయినా పిట్టల కోసం కంప పెంచుతారా ఎవరైనా?" అన్నాడు. అతనిది మా వైపు మాటే. ఆ రోజు ఆ మాట వింటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దలు ఏమీ తేల్చలేదు.

తాత మంచం లోపల వేయమన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. శివరాత్రి రాకముందే పోయాడు.

కర్మ అయిన మర్నాడు అవ్వ గడ్డపార తీసింది. "పిట్టలు అడ్డమన్నడు కద. ఇగ చూస్తడు" అంది.

గచ్చగింజ రాయిలాంటిది. బండ మీద అరగదీసి నానబెడితేగాని మొలవదు. సాయంత్రాలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అరగదీసేవాళ్ళం. ఒక్కో గింజకు ఆమె ఆ ఆసామి పేరు ఒకసారి పళ్ళ బిగువున పలికేది. పగలు పిల్లలకు ఓర్పు గురించి పాఠం చెప్పి వచ్చిన నేనూ పలికాను. ఆ తోటకు ముందు రోడ్డు, ఒక వైపు అవ్వ గట్టు. మిగిలిన రెండు వైపుల రైతులకూ అతనంటే మంటే. ఒకరికి బండ్ల బాట మూసేశాడు, ఇంకొకరి బావి అతని బోరు వల్ల ఎండింది. వాళ్ళ గట్ల మీదా అవ్వ నాటించింది. కరువు ఏడు స్నానం చేసిన నీళ్ళు కూడా మోసి పోసింది. మొక్కల దగ్గర పిట్టల కోసం మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టింది.

నాలుగో చలికాలానికి మూడు వైపులా కంచె మనిషి ఎత్తు లేచింది. గోరింకలు, చిలుకలు, పిగిలిపిట్టలు గుంపులుగా చేరాయి. రేగుపండ్లు అయిపోయే రోజులకు అంగూరు తీపెక్కుతుంది. అది ఆమెకు బాగా తెలుసు. ఆసామి డప్పులు కొట్టించాడు, వలలు కట్టించాడు. డప్పు మోగితే పిట్టలు లేచి గచ్చపొదలో దూరేవి, ఆగితే మళ్ళీ తోటలో వాలేవి.

రెండు కాపులు పోయాక అతనే వచ్చాడు. ఊరంతా అతన్ని సార్ అంటుంది. అవ్వ మాత్రం నువ్వనే అంది.

"ఏం గావాలె నీకు?"

"ఈ కంప తీసేయించమ్మా. కావాలంటే వేరే మొక్కలు నేనే వేయిస్తాను."

"ఆనాడు ఎవలు కాలవెట్టిండ్రో నలుగురిల చెప్పు. తర్వాత మాట్లాడుత."

పెద్దల్ని పిలిపించింది. అతను తల వంచుకుని, "మావాళ్ళే పెట్టారు. నేనే పెట్టమన్నాను" అన్నాడు.

అవ్వ చీర కొంగు దులుపుకుని లేచింది. "ఒప్పుకున్నవు. మంచిది. ఇగ పో. కంప తియ్యనే తియ్య."

"మాటిచ్చావు కదా" అన్నాడతను.

"మాట్లాడుత అన్న. మాట్లాడిన."

ఆ ఏడే అతను అంగూరు తీగలు పీకించేశాడు. నాకు మియాపూర్ బదిలీ అయ్యాక ఒకసారి చూడటానికి వెళ్ళి, ఇప్పటికైనా కోపం తగ్గిందా అని అడిగాను. "ఎందుకు తగ్గాలె? ఆయన మంచం ఇంక ఖాళీగనే ఉన్నది కద" అంది, నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తూ. నన్ను కడుపులో పెట్టుకుని చూసిన మనిషీ, శత్రువును అంగుళం వదలని మనిషీ ఒకరే. అతన్ని క్షమించమని నేను ఆమెకు ఏనాడూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇవాళ తృప్తిగా ఉంది.

మూడో రోజు పెరట్లో కంచె పక్కన పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. జొన్నరొట్టె, ఉల్లికారం, ఇంత బెల్లం విస్తట్లో ఉంచి, అందరం దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టలేదు. పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని గుసగుసలు మొదలయ్యాయి.

ఆమె చెల్లెలి కొడుకు చేతులు జోడించాడు. "పెద్దమ్మా, నీ ఇల్లు అమ్మం." రాలేదు. "నీ బర్రెను మంచిగ చూసుకుంటం." రాలేదు. ఎండ ఎక్కింది.

నేను ముందుకు వెళ్ళి, నలుగురూ వినేలాగే చెప్పాను. "అవ్వా, వాణ్ణి నేను క్షమించను. నా ప్రాణం ఉన్నంతవరకు ఈ కంచె మీద కత్తి పడనివ్వను."

రేగుచెట్టు మీంచి కాకి ఒకటి దిగింది. రొట్టె ముక్క ముక్కున కరుచుకుని గట్టు దాటి ఎగిరి, ఆసామి తోటలో పందిరి పోయాక ఒంటరిగా మిగిలిన ఒక రాతి స్తంభం మీద వాలింది. అక్కడ కూర్చుని తీరిగ్గా తినసాగింది.