దమ్ము ఆడడం లేదంటే నాటకమన్నారు

ఆ రోజు వనపర్తిలో మ్యాచ్. సెకండ్ హాఫ్‌లో బంతి నా కాలికి అందింది. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. పది అడుగులు పరుగెత్తానో లేదో, ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టయింది. నిలబడిపోయాను. బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ గీత దాటిపోయింది.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. మాది గట్టు దగ్గర పల్లె, మెట్ట సేద్యం. గద్వాలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ అప్పుడు పాలమూరు జిల్లాలోనివే. ఆ మూడు ఊళ్ల పీఈటీ సార్లు కలిసి ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టారు. ఒక్కో ఆదివారం ఒక్కో ఊళ్లో ఆట. నెట్ లేని గోల్‌పోస్టులు, నేల మీద సున్నపు గీతలు. చూడడానికి వచ్చిన వాళ్లలో సగం మంది ఆట కోసం వచ్చేవాళ్లు, సగం మంది నిక్కర్లు వేసుకున్న మమ్మల్ని చూడడానికి. అయినా నేను ఆ ఆదివారాల కోసమే బతికేదాన్ని.

"ఏందే పద్మా, నడిమిట్ల నిలబడ్డవ్?" అని మా సారు గీత అవతల నుంచి అరిచాడు.

"దమ్ము ఆడుతలేదు సార్."

"ఉరుకుతే ఆడుతది. రేపటిసంది పది రౌండ్లు ఎక్కువ ఉరుకు."

నెల రోజులు రోజూ పొద్దున పది రౌండ్లు ఎక్కువ పరుగెత్తాను. ఆయాసం తగ్గలేదు, పెరిగింది. మెట్లెక్కినా వచ్చేది. వెల్లకిలా పడుకుంటే దగ్గు. బట్టల మూట తల కింద ఎత్తుగా పెట్టుకుని ఒరిగి పడుకునేదాన్ని. ఒకరోజు కళ్లెలో నెత్తురు జీర కనిపించింది. భయపడి ఇంటికి పోయాను. మా ఊరి ఆర్‌ఎంపీ చూసి "టీబీ లెక్కున్నది" అన్నాడు. కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ లేదని వచ్చింది. గద్వాలలో ఒక ప్రైవేటు డాక్టర్ సిరప్ రాసి, "రక్తం తక్కువున్నది, మంచిగ తినిపియ్యిన్రి" అని పంపాడు. అమ్మ పల్లీలు, బెల్లం మూటగట్టి ఇచ్చింది. నా ఛాతీ మీద ఒక్కరూ నిమిషం పాటు చెవి పెట్టి వినలేదు.

ఫైనల్ వారం ఉందనగా సారు దగ్గరికి వెళ్లి చెప్పాను, నెత్తురు పడిందని.

"దగ్గి దగ్గి గొంతు గీసుకపోయింటది. ఈ ఒక్క ఫైనల్ ఆడు. ఎనక నెల రోజులు పండుకో, ఎవరొద్దంటరు?"

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆడాలని నాకూ ఉంది. నన్నెవరూ తాళ్లతో కట్టి తీసుకుపోలేదు.

ఫైనల్ నాగర్‌కర్నూల్‌లో, వాళ్లతోనే. ఫస్ట్ హాఫ్ సగం కాకముందే నేలకు ఒరిగాను. కళ్లు తిరుగుతున్నా మాటలు వినిపిస్తున్నాయి. "నాటకాలు బంద్ జేసి లేవే!" అన్నది మా సారు గొంతు. నా పక్కన కూర్చుని తల ఒళ్లో పెట్టుకున్నది మాత్రం మా జట్టు పిల్ల కాదు. నాగర్‌కర్నూల్ జట్టు యాదమ్మ. అప్పటిదాకా నన్ను మోచేతులతో పొడుస్తూ ఆడిన పిల్ల.

"సార్, పెదవులు నల్లవడ్డయ్ సార్! నాటకమంటరేంది?" అని ఆమె మా సారు మీదికి లేచింది. తన ఆట వదిలేసి నన్ను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. వెనక ఆట నడుస్తూనే ఉంది. మేమే గెలిచామట. రెండు జట్లూ కప్పుతో దిగిన ఫోటోలో నేను లేను, యాదమ్మా లేదు.

దవాఖానలో ఒక డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. కబురందుకుని మరునాడు అమ్మానాన్నలు వస్తే, "చిన్నప్పుడు ఈమెకు జ్వరమొచ్చి కీళ్లు వాచినయా?" అని అడిగింది.

అమ్మ తలూపింది. "తొమ్మిదేండ్లప్పుడు వాచినయ్ మేడం. మోకాళ్లకు ఆకుపసరు కట్టిచ్చినం. తగ్గిపోయె."

"తగ్గలేదమ్మా. గుండెకు పోయింది."

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో ఈసీజీ, ఎకో తీశారు. రుమాటిక్ హార్ట్ డిసీజ్, మైట్రల్ స్టెనోసిస్, సివియర్ అన్నారు. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయి పూర్తిగా తెరుచుకోవడం లేదు. "ఈ వాల్వ్‌తో ఫుట్‌బాల్ ఆడావా?" అని డాక్టర్ నా వంక వింతగా చూశాడు. బెలూన్ వేసి తెరవాలని తేదీ ఇచ్చి పంపారు.

ఆ తేదీ కోసం ఇంటి దగ్గర ఎదురుచూస్తుండగా మా సారు వచ్చాడు. చేతిలో బత్తాయిలు, ఒక కాగితం. నేను జబ్బు సంగతి దాచిపెట్టి నా ఇష్టంతోనే ఆడానని అందులో రాసి ఉంది.

"నేను చెప్పిన గద సార్, నెత్తురు పడ్డదని" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "గదంత ఇప్పుడెందుకమ్మా" అని కాగితం నాన్న ముందు పెట్టాడు.

"వద్దు నాయినా" అన్నాను.

"సారోళ్లతోని మనకు లొల్లి ఎందుకు బిడ్డా? రేపు సర్టిఫికెట్లు గావాలె" అని నాన్న సంతకం పెట్టాడు. ఆ బత్తాయిలు నేను ముట్టలేదు.

బెలూన్ వేసేటప్పుడు మెలకువగానే ఉన్నాను. తొడ దగ్గర నుంచి సన్నని ట్యూబు గుండె దాకా పంపారు. అయిపోయాక ఒక్క శ్వాస తీసుకున్నాను. కడుపు దాకా పోయింది. ఏడ్చాను. ఎన్ని నెలలు ఊపిరి లేకుండా బతికానో అప్పుడు తెలిసింది.

"ఆ కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్. ఒక్కటి కూడా తప్పొద్దు" అన్నాడు డాక్టర్. గట్టులో ఇంజెక్షన్లు ఇచ్చే కాంపౌండర్ చీటీ చూసి, "రియాక్షనయితే నా మెడకు జుట్టుకుంటది, నేనియ్య" అన్నాడు. గద్వాల పోవాలంటే ఒక రోజు పని పోతుంది. విత్తనాలేసే కాలం. బాగానే ఉన్నాను కదా అనుకుని వరుసగా నాలుగు తప్పించాం. జ్వరం వచ్చింది. మోకాళ్లు మళ్లీ వాచాయి. మళ్లీ హైదరాబాద్, మళ్లీ ఎకో. "తెరిచిన వాల్వ్ మళ్లీ దెబ్బతిన్నది. ఇప్పుడు లీక్ కూడా ఉంది" అన్నారు. ఆ తప్పు ఎవరి మీదికీ తోసేది కాదు, అది మాదే.

మరుసటి ఏడు లీగ్ జరగలేదు. గద్వాల బస్టాండులో మా జట్టు పిల్ల ఒకతె ఎదురై, "నువ్వు జబ్బు దాచి ఆడిన ముచ్చట బయటపడే బంద్ వెట్టిన్రంట" అని ముఖం తిప్పుకుంది. నాన్న సంతకం ఎంత దూరం పోయిందో అప్పుడర్థమైంది.

ఇప్పుడు గద్వాలలో ఉంటున్నాను. నా భర్త మగ్గం నేస్తాడు. జబ్బు సంగతి తెలిసే చేసుకున్నాడు. పిల్లల్ని కంటే ప్రాణం మీదికి వస్తుందన్నారు, కనలేదు. మోటారు మిషన్ మీద జాకెట్లు కుడతాను. పొద్దున మూడు మాత్రలు, సాయంత్రం రెండు. ఎప్పుడో ఒకప్పుడు వాల్వ్ మార్చాలి.

రెండేళ్ల కింద ఒక పెళ్లిలో మా సారు కనిపించాడు. ఈ ప్రాంతంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది తానేనని చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నాడు. ముందుకు వెళ్లి నిలబడ్డాను. నవ్వి, "ఏ బ్యాచ్ అమ్మా నువ్వు?" అన్నాడు. పేరు చెప్పాను. "ఆ... నువ్వు గోల్‌కీపర్‌వు గదా?" అన్నాడు. కాదన్నాను. పెళ్లిలో ఇంకేం అనగలను? క్షమించానని మాత్రం రాయలేను. క్షమించలేదు.

మీ ఇంట్లో పిల్ల ఆయాసమంటే అది బద్ధకమో, నాటకమో మీరు తేల్చకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి గుండె వినమనండి. చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచి ఉంటే ఆ మాట వాళ్లు అడగకముందే మీరు చెప్పండి. మా అమ్మను ఒకరు అడగడానికి ఎనిమిదేళ్లు పట్టింది.