ఎడమ తుప్పల్లోకి పోయిన బంతి

తొంభైలలో ప్రతి ఆదివారం పొద్దున్నే నేనూ, టి. నగర్‌లో చీరల దుకాణం నడిపే మా బావా గోల్ఫ్ ఆడేవాళ్ళం. నేను కట్టెలు కొట్టినట్టు కర్రని నిలువుగా ఎత్తి దించేవాణ్ణి. బంతి దూరం పోయేది కాదు గానీ చూసిన చోటే పడేది. గెలుపూ నాదే. ఓడి ఓడి విసిగిన బావ ఒకరోజు తియ్యగా, "మంచి కోచ్ ఉండాడు, చేరు" అన్నాడు. ఆ తీపే నాకు నచ్చలేదు. అయినా చేరాను.

కర్రని అంత నిలువుగా ఎత్తొద్దు, భుజం చుట్టూ వాలుగా తిప్పమన్నాడు కోచ్. బంతి మునుపటికంటే చాలా దూరం పోయింది. కానీ బావతో ఆడినప్పుడల్లా ఎడమవైపు తుప్పల్లోకే! నాకు ఒళ్ళు మండింది. వాళ్ళిద్దరూ కలిసి కాఫీ తాగుతుంటే నా కళ్ళతో చూశాను. కూడబలుక్కోకపోతే అంత నవ్వులేమిటి?

ఒక ఆదివారం నేనింకా కొట్టకముందే, నా గోల్ఫ్ కర్రల సంచి మోసే పెద్దాయన ఎడమ తుప్పల వైపు నడవసాగాడు. ఈయన్ని కూడా కలుపుకున్నారన్నమాట!

"ఏమయ్యా, బంతి ఆడికే పోతాదని నీకెట్ల తెలుసు? కోచ్ చెప్పినాడా?" అని అరిచాను.

ఆయన నిదానంగా సంచి దించాడు.

"కోచ్ నేర్పింది బాగానే ఉండాది సార్. దూరం దానివల్లే వచ్చింది. కానీ కొట్టేటప్పుడు మీరు బంతిని చూడరు. ఎడమపక్క నిలబడిన మీ బావగారిని చూస్తారు, ఆయన నవ్వతా ఉండాడేమో అని."