సూది పడని గుల్లలు

ఖాళీలు తెస్తేనే కొత్తవి ఇచ్చేదాన్ని. మార్కాపురంలో నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో, ఆయాసం రోగులను చూసే గదిలో, అది నేను పెట్టిన చట్టం. డాక్టరుగారు అడ్డు చెప్పలేదు. నా నోటికి ఆయన కూడా కాస్త జంకేవారు.

ఆ చట్టం ఊరికే పెట్టలేదు. మేం ఇచ్చే మందు క్యాప్సూల్‌లో ఉండే పొడి. ఆ క్యాప్సూల్‌ను గుప్పిట్లో పట్టేంత గొట్టంలో పెట్టి మూత నొక్కితే, లోపలి సూదులు దానికి రెండు చివర్లా చిల్లులు పొడుస్తాయి. అప్పుడు గొట్టాన్ని పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా పీల్చాలి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఖాళీ గుల్ల గొట్టంలో మిగులుతుంది. ఇంతే సంగతి. కానీ క్యాప్సూల్ కనబడితే చాలు, మనవాళ్లు నోట్లో వేసుకుని మీద గ్లాసెడు నీళ్లు తాగుతారు. ఒకాయన నెల రోజులు అట్లా మింగి, మందు పని చేయలేదని నా మీదికే పోట్లాటకు వచ్చాడు. ఇంకొకామె టీలో కలుపుకుని తాగింది, చేదుగా ఉందని చక్కెర కూడా వేసుకుందట. అందుకే గుల్లలు తెచ్చి చూపించమనేదాన్ని. లెక్క సరిపోతే కొత్త క్యాప్సూళ్ల సీసా, సరిపోకపోతే చివాట్లు.

వచ్చేవాళ్లలో చాలామంది పలకల పని చేసినవాళ్లే. రాయి కోసినవాళ్లు, పలకలు రుద్దినవాళ్లు, చట్రాలు బిగించినవాళ్లు. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చి, యాభై దాటకుండానే నాలుగు మెట్లెక్కితే కూలబడేవాళ్లు. ఆ దుమ్ము చేసిన చేటును మా మందు పోగొట్టలేదు. ఉన్న ఊపిరిని కాస్త తేలిక చేస్తుంది, అంతవరకే. ఆ కాస్త కోసమే నా అరుపులన్నీ.

పెద్దమ్మ కొనకనమిట్ల వైపు పల్లె నుంచి బస్సులో వచ్చేది. బంధుత్వమేమీ లేదు, నేనే అట్లా పిలిచేదాన్ని. పెళ్లయిన ఏడాది నుంచీ పలకలు రుద్దింది. భర్త పోయాక కూతురి దగ్గర ఉంటోంది. వాళ్ల ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆమేనట. నా దగ్గరికి వచ్చేనాటికి ఒక్క చరణానికి మూడుచోట్ల ఆగాల్సి వస్తోంది.

"పరిగెత్తాలని లేదు బిడ్డా. ఒక్క పాట తుదికంటా పాడితే చాలు" అని మొదటి రోజే అడిగింది.

పాడిస్తానని మాటిచ్చాను. నాకు మాటివ్వడం కూడా కోపమంత తేలిగ్గా వచ్చేస్తుంది.

ఆమెకు నేర్పినంత ఓపికగా ఇంకెవరికీ నేర్పలేదు. ఆమె నేర్చుకున్నంత బాగా ఇంకెవరూ నేర్చుకోలేదు. నెలనెలా బిస్కెట్ల డబ్బాలో గుల్లలు తెచ్చి నా బల్ల మీద పోసేది. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు. దాంతోపాటు పాత పేపర్లో చుట్టిన మునక్కాయలు. "మా పెరట్లోవి, ఈ ఏడు చెట్టు విరగకాసింది" అనేది. నేను ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టేదాన్ని. వరుసలో కూర్చున్న మిగతావాళ్లకు ఆమెను చూపించి, "ఈ పెద్దమ్మను చూసి నేర్చుకోండి. చదువు లేదు, వయసు మీద పడింది, అయినా ఒక్క పూట తప్పదు" అని దెప్పేదాన్ని. ఖాళీ గొట్టంతో ఎట్లా పీల్చాలో ఆమె చేతే చేయించి చూపించేదాన్ని. ఆమె సిగ్గుపడుతూనే చేసేది.

అయినా ఆయాసం తగ్గలేదు. డాక్టరుగారు ముఖం చిట్లించి, "మందు సరిగ్గా వాడుతోందంటావా?" అని అడిగారు. నాకు రోషం వచ్చింది. "వేరేవాళ్ల సంగతి చెప్పలేను కానీ, ఆమెకు నేను పూచీ సార్" అన్నాను. ఆయన నా మాట నమ్మి, మింగే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలల్లో ఆమె ముఖం ఉబ్బింది, కాళ్లకు నీరు దిగింది, లేని షుగరు వచ్చింది. బస్సు దిగి గేటు నుంచి నా బల్ల దాకా రావడానికి రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. గుల్లల లెక్క మాత్రం తప్పలేదు.

ఒకరోజు ఆమె చేతిలోంచి డబ్బా జారింది. గుల్లలు నేల మీద చెల్లాచెదరయ్యాయి. నేనే వంగి ఏరాను. వెలుతురుకు పట్టి చూస్తే ఒకదానికి సూది గుర్తు లేదు. ఇంకొకటి తీశాను, దానికీ లేదు. ఏ ఒక్కదానికీ చిల్లు లేదు. చేత్తో విప్పి, పొడి ఒంపేసి, మళ్లీ మూసిన గుల్లలవి. అన్ని నెలలూ నేను లెక్కే చూశాను, చిల్లు చూడలేదు.

"పొడి ఏం చేశావు పెద్దమ్మా?"

ఆమె తల దించుకుంది. "మునగచెట్టు మొదట్లో పోసినా."

నా ఒళ్లు మండిపోయింది. ఆ చెట్టు కాయలు నేను పులుసు పెట్టుకుని తిన్నాను. "అయితే చెట్టుకు ఆయాసం తగ్గిందన్నమాట" అన్నాను. వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకు పూనకం వచ్చినట్టయింది. తడిగుడ్డతో గొంతు కోశావని, డాక్టరు ముందు నా మాట గంగలో కలిపావని, నీ ముఖం అట్లా ఉబ్బడానికి నువ్వే కారణమని, అంతమందిలో నిలబెట్టి కడిగేశాను. కోపం కన్నా ముందు నాకు ఏడుపు వచ్చింది. అది కనబడకూడదనే అంత అరిచాను. నా సొంతవాళ్లు మోసం చేసినా అంత బాధపడేదాన్ని కాదనిపించింది.

ఆమె నా అరుపు ఆగేదాకా ఉండి, నా చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయింది. అక్కడికి పోవడానికే ఆమెకు ఊపిరి అందలేదు.

"అందరి ముందర అంటే నీకు చెడ్డపేరని ఊరుకున్నా. అది అంత మంచి మందు అయితే, నువ్వు దుప్పట్ల గదిలో తలుపేసుకొని ఎందుకు పీల్చుకుంటావు బిడ్డా?"

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"మొదటి నెలలోనే చూసినా. తలుపు సరిగ్గా పడలే. అదే గొట్టం, అదే మందు. గబగబా పీల్చుకొని, సంచిలో అడుగున దాపెట్టుకొని, ఏమీ ఎరగనట్టు వచ్చినావు. మా ఆయన కూడా సారాయి గోడ చాటునే తాగేవాడు. దాచుకొని తీసుకునేది మంచిది ఎట్ల అయితది? ఇదీ అట్ల అలవాటు పట్టేదే అనుకున్నా."

"మరి వద్దని నాకు చెప్పొచ్చు కదా?"

"అంత ప్రేమగా నేర్పిస్తివి. వద్దంటే నీ మనసు కష్టపడతది. నేను ఎవురికీ చెప్పలేదులే, నీ సంగతి."

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పెళ్లి కుదిరినప్పుడు మా అమ్మ, "ఆ సంగతి ఎత్తబాకు, రోగిష్టి పిల్ల అంటారు" అంది. ఎత్తలేదు. అప్పటికి గిద్దలూరులో ఉండే అత్తామామలకు తెలియదు, నాతో కాపురం చేసే ఆయనకు తెలియదు. దుమ్ము పడదని చెప్పి నెట్టుకొచ్చేదాన్ని. గొట్టం ఎప్పుడూ దూది చుట్టలో, సంచి అడుగునే ఉండేది. పదకొండేళ్లుగా ఊరందరికీ ఊపిరి పీల్చడం నేర్పుతూ, నా ఊపిరి మాత్రం దొంగతనంగా పీల్చేదాన్ని.

పెద్దమ్మ నన్ను ఒకటే అడిగింది. "ఇప్పుడు వాళ్ల ముందరికి వచ్చి నువ్వు పీల్చుకో. అప్పుడు నేనూ పీలుస్తా. మునగచెట్టు మీద ఒట్టు." ఆ స్థితిలో కూడా నవ్వించాలని చూసింది.

నేను వరుస వైపు చూశాను. రెండో బెంచీ మీద గిద్దలూరు నుంచి దగ్గుకు చూపించుకోను వచ్చిన మా అత్తగారి పక్కింటావిడ కూర్చుని ఉంది. "ఈరోజు రద్దీగా ఉంది పెద్దమ్మా, వచ్చే నెల" అన్నాను. ఆమె నా చూపు ఎటు పోయిందో చూసింది. కొత్త సీసా తీసుకుని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ నెలంతా నేను ఆమెనే తప్పు పట్టాను. నా దగ్గర బుద్ధిగా మందు వాడే రోగిలా నటించిందని, నన్ను నవ్వులపాలు చేసిందని డాక్టరుగారితో చెప్పాను. దుప్పట్ల గది సంగతి చెప్పలేదు.

తర్వాతి నెల ఆమె నడిచి రాలేదు. కూతురు ఆటోలో తెచ్చింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టాం. మందును ఆవిరి చేసి మాస్కు ద్వారా ఇచ్చే మిషన్‌తో రెండు రోజులు గడిపాం. మూడో రోజు ఉదయం కాస్త తేరుకుని, కూతురి చేత డబ్బా తెప్పించి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే అన్నీ నిండు క్యాప్సూళ్లే. ఒక్కటి కూడా విప్పలేదు.

"ఈసారి నిన్ను మోసం చేయలే బిడ్డా. ఉన్నది ఉన్నట్టు తెచ్చినా" అంది. ఆ రెండు ముక్కలకు నాలుగుసార్లు ఊపిరి తీసుకుంది.

నేను పోయి నా సంచి తెచ్చాను. వార్డు నిండా జనం ఉన్నారు. దూది చుట్ట విప్పి, నా గొట్టం తీసి, క్యాప్సూల్ పెట్టి, మూత నొక్కి, ఆమె మంచం పక్కన నిలబడి గట్టిగా పీల్చాను. పక్క మంచాలవాళ్లు చూశారు, ఆయా చూసింది. ఆ సంగతి గిద్దలూరు చేరడానికి రెండు రోజులు పట్టింది. మా అత్తగారు ఫోన్ చేసి, "ఈ పాటిదానికా ఇన్నేళ్లు దాచుకున్నావు? మా నాయనకూ ఉండేది" అంది. అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు.

పెద్దమ్మ నన్ను చూసి తల ఊపి, చెయ్యి చాచింది. ఆమె డబ్బాలోంచి ఒక క్యాప్సూల్ తీసి ఆమె గొట్టంలో పెట్టాను. మూత నొక్కాను. సూదులు దిగిన చప్పుడు ఇద్దరం విన్నాం. మాస్కు పక్కకు జరిపి పెదాల మధ్య ఉంచాను. ఎన్నోసార్లు అందరికీ చూపించిన పద్ధతి, ఒక్క తప్పు లేకుండా పీల్చింది. మళ్లీ పీల్చింది.

గొట్టం విప్పి క్యాప్సూల్‌ను వెలుతురుకు పట్టాను. రెండు చివర్లా చిల్లులు పడ్డాయి. పొడిని లాక్కునే బలం ఆమె ఊపిరిలో లేదు, అది లోపల అట్లాగే ఉంది.

"ఖాళీ అయిందా బిడ్డా?" అని అడిగింది.

అయిందని చెప్పాను.