అల్లుడి ఒళ్లు, అత్త మొక్కు

మా తాండూరులో మనిషి లావెక్కితే ‘మంచిగున్నడు’ అంటారు. సన్నబడితే ‘పాపం, ఏమైందంట?’ అంటారు. ఈ సంగతి మరిచిపోయి నేను బరువు తగ్గడానికి ఒప్పుకున్నాను.

ఒప్పుకోక ఏం చేస్తాను? వికారాబాద్‌లో నా షుగర్ చూసే డాక్టరమ్మ, "బరువు బాగా తగ్గితే మాత్రలే మానేసి చూడొచ్చు. ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూది తప్పదు," అంది. నేను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్ని. కాలి మీద బండ పడినా కిక్కురుమనలేదు గానీ, సూది పేరెత్తితే చాలు, చెమటలు పడతాయి. ఆమె చెప్పినట్టే తింటానని అక్కడికక్కడే ఒట్టేశాను.

తినడానికి ఏముందనీ! పొద్దున ఉడికిన గుడ్డు. మధ్యాహ్నం గిన్నెడు కూరగాయలు, పప్పుబద్దలు అక్కడక్కడా ఈత కొట్టే చారు. రాత్రికి కీరా ముక్కలు, మజ్జిగ. కందిపప్పుకు పేరుపడ్డ ఊళ్లో ఉంటూ పప్పును వెతుక్కుని తినే ఖర్మ ఇంకెవరికైనా పట్టిందా? నా భార్య అన్నం గిన్నెను బీరువాలో పెట్టి తాళం వేసేది. ఆకలికి నాకు అందరి మీదా కోపమే. తిరిగే ఫ్యాను మీద కూడా అరిచాను.

అయినా తగ్గాను. ప్యాంట్లు జారడం మొదలైంది, ఊరికి అనుమానమూ మొదలైంది. యూనిట్‌కు రాళ్లు తెచ్చే ట్రాక్టర్ డ్రైవరు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, డాక్టర్‌కు సూపెట్టుకున్నవా?"

"డాక్టరే తగ్గుమన్నదిరా!"

"అందరు గట్లనే అంటరన్నా," అని నా భుజం నిమిరాడు.

ఇక పరామర్శలే పరామర్శలు. మా దగ్గర జబ్బు మనిషిని చూడటానికి ఉత్త చేతులతో రారు. అరటిపండ్లు, బ్రెడ్డు, బిస్కెట్లు ఇంటినిండా పేరుకున్నాయి. షుగర్ దించుకోవడానికి కడుపు మాడ్చుకుంటున్నవాడి ముందు అరటి గెల పెట్టి, "జర తిను, బలమొస్తది," అని కళ్లు ఒత్తుకుంటే ఏమనాలి?

వార్త పక్క ఊరు యాలాల్‌లో ఉండే మా అత్తకు చేరింది. మామ పోయాక ఒక్కతే మేకలు కాసుకుంటూ ఉంటుంది. షేర్ ఆటో దిగి, గుమ్మంలో నన్ను చూసి, "అయ్యో, నా బిడ్డ బతుకేం గావాలె!" అని శోకం అందుకుంది. నేను బతికే ఉన్నాను మహాతల్లీ, నీ ఎదురుగానే నిలబడ్డాను!

"ఫికర్ చెయ్యకు అల్లుడా. దర్గాకు మొక్కిన. నీ పాణం మంచిగైతే కందూరు చేస్త. మ్యాకపోతును గూడ ఏరిపెట్టిన," అంది. కందూరంటే కోరుకున్నది జరిగాక దర్గా దగ్గర మేకను కోసి చుట్టాలందరికీ వండిపెట్టడం. యాలాల్ నుంచి ఎవరొచ్చినా ఆ మేకపోతు క్షేమసమాచారం చెప్పేవారు. నేను తగ్గిన కొద్దీ అది బలుస్తోందట.

అత్త మా ఇంట్లోనే మకాం పెట్టింది. ఓ రోజు మజ్జిగ నోట్లో పోసుకుంటే తియ్యగా తగిలింది. బెల్లం! నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తా! నన్ను సంపుతవా ఏంది?"

ఎప్పుడూ మాటకు మాట చెప్పే మనిషి గోడకు చేరగిలబడి కూర్చుంది. "మీ మామ గూడ గిట్లనే సన్నగయ్యిండు. నడుముకు పంచె నిల్వకపోయేది. నేను సూస్తుండంగనే పాయె," అంది. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. మామకూ షుగరే.

తర్వాతి టెస్టుకు ఆమెను కూడా బస్సెక్కించి వికారాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "బాగా దిగింది. మాత్రలు ఆపి చూద్దాం. టెస్టులకు మాత్రం వస్తూ ఉండాలి."

నేను ఎగిరి గంతేశాను, ప్యాంటు పట్టుకునే.

అత్త మాత్రం నమ్మలేదు. "గింత సన్నగైండు, మంచిగున్నడంటవేందమ్మా? మా ఆయన సన్నగయ్యే సచ్చిపాయె."

మామదీ షుగరేనని నేను చెప్పాను. డాక్టరమ్మ కుర్చీ అత్త వైపు జరుపుకుంది. "ఆయన్ని షుగర్ తినేసిందమ్మా. ఇతను కావాలని తగ్గి షుగర్‌ని దించుకున్నాడు. రెండూ ఒకటి కాదు."

"బలమొస్తదని రోజు పాయసం పెట్టిన," అంది అత్త, చిన్న గొంతుతో. "పెట్టకపోయేదుండెనా?"

"అప్పుడు మీకెవరు చెప్పారు? మీ తప్పేం లేదమ్మా," అంది డాక్టరమ్మ. తాండూరు బస్టాండు వచ్చేదాకా అత్త కిటికీలోంచి చూస్తూనే ఉంది.

పాణం మంచిగైంది కాబట్టి కందూరు తప్పలేదు. నన్ను పరామర్శించిన వాళ్లంతా దిగారు. నేనింకా నడుస్తున్నందుకు కొందరు కాస్త నిరాశపడ్డట్టే కనిపించారు. కూర ఉడుకుతున్న వాసనకు నేను అందరికంటే ముందే విస్తరి ముందు కూర్చున్నాను. ఎవరో నా విస్తరిలో అన్నం కుప్ప పోశారు. తినబోతుంటే అత్త గరిటతో వచ్చి, "జరుగుండ్రి," అని అందరినీ తోసి, ఆ కుప్పంతా తీసి పక్కాయన విస్తరిలో వేసింది. పిడికెడు వదిలింది. పైన ఒక ముక్క వేసింది.

"ఇంకోటి వెయ్యత్తా. నా పేరు మీది కందూరే గదా!"

"ఒక్కటే," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఒకనికి పెట్టి పెట్టి పోగొట్టుకున్న. ఇగ సాలు."

ఆ ఒక్క ముక్కనే చాలాసేపు నమిలాను.